సాంచా లేదు

గిన్నెలో నీళ్ళు మరిగి మరిగి మూత ఎగిరిపడుతోంది, అయినా సుమిత్ర చెయ్యి ముందుకు పోవడం లేదు. ఎదురుగా పీటమీద, అమ్మ బీడీల ఆకు తడిపే గుడ్డలో తను చుట్టి తెచ్చిన మూస. కంసాలి బంగారం కరిగించే మూసలాంటిదే, కాకపోతే తెల్లగా నున్నగా పింగాణీలా ఉంటుంది. లోపల ఉప్పు గట్టిపడి రాయి అయి కూర్చుంది. ఆ రాయి కడుపులో ఏముందో ఇప్పుడు, ఈ ఎండపూట, నీళ్ళు పోయే ఈ మోరీ దగ్గరే తేలిపోవాలి. పలకలుంటే కాలేజీలోని కరెంటు కొలిమి, ఆ భట్టీ, తనది, వట్టి పిండి ఉంటే భట్టీ తోటి విద్యార్థి పాండురంగ్‌ది, తనకిక ఆ భట్టీ గదిలో పనేమీ ఉండదు. కాలేజీలో నల్లాలు ఎండిపోయి వారమైంది. సోలాపూర్ ఎండాకాలం ఎవరిని వదిలింది గనుక, కెమిస్ట్రీ వాళ్ళను వదలడానికి? నీళ్ళు లేకుండా ఎట్లా కడుగుతావమ్మా, వచ్చే వారం చూద్దాం అన్నారు జనార్దన్ సర్. వచ్చే వారమట! ఇవాళ సాయంత్రమే ఆ పింగాణీ ఫ్యాక్టరీ ఇంజనీరు కమిటీతో కూర్చుని భట్టీ ఎవరికివ్వాలో తేల్చేస్తాడని తెలిసి కూడా వచ్చే వారం అంటాడు, మంచివాడే, మంచితనం తప్ప ఇంకేమీ లేని మనిషి. మా ఇంట్లో నీళ్ళున్నాయి సర్, అంది సుమిత్ర. ఉన్నాయి అంటే పక్కింటి యమునాబాయి వాళ్ళకు బోరు ఉంది. మూసను గుడ్డలో చుట్టి సిటీ బస్సులో ఒళ్ళో పెట్టుకుని నీలం నగర్‌కు మోసుకొచ్చేసింది. ఎవరైనా అడిగితే పచ్చడి అని చెబుదామనుకుంది గానీ ఎవరూ అడగలేదు.

పోసింది. చుర్రుమని ఆవిరి ముఖానికి కొట్టింది. తెల్లరాయి అంచులు మెల్లగా నానడం మొదలైంది. "ఏందే, పప్పు ఉడకపెడ్తున్నవా?" అంది అమ్మ గడప మీంచి. పోచమ్మ ఒళ్ళో చేట పెట్టుకుని కూర్చుందంటే ఇక ఆ గడప ఆమెదే, దాటేవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దాటాలి. ఉప్పు కడుగుతున్ననమ్మా, అంది సుమిత్ర. "ఉప్పు కడిగితే ఏం మిగుల్తదే పిచ్చిదానా?" ఏం మిగులుతుంది? ఇన్నేళ్ళ చదువూ వచ్చి వచ్చి ఈ ఒక్క మాట దగ్గరే నిలబడింది. పసుపుపచ్చటి బిస్మత్ పొడి, తెల్లటి టైటానియం పొడి, వాటికి మించి వంటింటి ఉప్పూ, దాని చుట్టం పొటాషియం ఉప్పూ, అన్నీ కలిపి నూరి మూసలో పెట్టి భట్టీ తలుపు మూస్తే, లోపల ఎర్రటి వేడిలో ఉప్పు నీరైపోతుంది. నీరంటే నీరే, గరిటె ముంచితే పల్చగా జారేంత నీరు. అందులో పొడులు కొద్దికొద్దిగా కరిగి, ఒకదాన్నొకటి వెతుక్కుని, జత కుదిరినచోట గట్టిపడతాయి. ఉప్పు వాటిలో కలవదు, వాటి నుంచి ఏమీ తీసుకోదు, ఈదడానికి చోటిస్తుంది అంతే. చల్లారాక ఉప్పును కడిగేస్తే మిగిలేది స్ఫటికం, పలచటి పలక, అంచులు గీసినట్టుండే పలక. అలాంటి పలకల్ని ఒక దిక్కుకు పడుకోబెట్టి అదిమి కాలిస్తే, ఎంత వేడిలోనైనా ఒత్తితే కరెంటు పుట్టించే బిళ్ళ తయారవుతుందని ఎక్కడో జపాన్‌వాళ్ళు రాశారు. జపాన్‌లో ఉప్పు ఉంది, సోలాపూర్‌లో లేదా ఏం?

పైనీటిని బొకనార్‌లోకి వంచింది. బొకనార్ ఇత్తడి బకెట్టు, అమ్మది, దాన్ని వాడుతున్నందుకు ఇంకా తిట్లు పడలేదు, పడతాయి. మళ్ళీ వేడినీళ్ళు. గోడకవతల సిద్ధరాములు సేఠ్ కార్ఖానాలో సాంచాలు టకాటక టకాటక కొడుతూనే ఉన్నాయి. అందులో ఏదో ఒకటి నాన్న నడిపేది, ఏదో చెప్పమంటే సుమిత్ర చెప్పలేదు, నాన్నయితే చెప్పగలనంటాడు, నాన్న అన్నీ చెప్పగలనంటాడు. ఈ పేటలో సాంచా అంటే మరమగ్గం. పుట్టినప్పటి నుంచి అంతే. సాంచా మీదికి పోయిండు, సాంచా కాడ కూసున్నడు, సాంచా బందయింది, ఈ మాటలు చెవులో పడకుండా ఒక్క పూటా గడవలేదు. అందుకే గదా ఆ రోజు అట్లా జరిగింది. వద్దు, ఇప్పుడు అది గుర్తు తెచ్చుకోవద్దు అనుకుంటూనే గుర్తు తెచ్చుకుంది. తెచ్చుకోవడం ఏమిటి, అది పోతే కదా. కాలేజీలో కమిటీ కూర్చున్న పొడుగాటి బల్ల, చాయ్ కప్పులు, చెమటకు వీపుకు అంటుకున్న జాకెట్టు, ఎదురుగా ఆ ఇంజనీరు. ఆయన జీవితమంతా కరెంటు స్తంభాలకు పెట్టే పింగాణీ గుబ్బలు పోత పోయించాడు. బురదను అచ్చులో పోస్తారు, అచ్చు విప్పుతారు, గుబ్బ వస్తుంది. ఆకారమంటే ఆయనకు తెలిసిన దారి అదొక్కటే. సుమిత్ర మొదటిసారి తీసిన పొడిని వేలితో అటూ ఇటూ జరిపి, హిందీలో అడిగాడు, "షేప్, షేప్ అంటున్నావు, ఇస్కా సాంచా కహా హై?" దీని అచ్చు ఎక్కడుందని. హిందీలో సాంచా అంటే అచ్చని ఆమెకు తెలియదా? చిన్నప్పుడే తెలుసు. కానీ భయపడ్డ మనిషి నోటికి ఇంటి మాటే వస్తుంది. టక్కున లేచి నిలబడి చెప్పింది, "కార్ఖానే మే హై సర్." మగ్గం కార్ఖానాలో ఉందని.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అదింకా ఘోరం. "కౌన్‌సే కార్ఖానే మే?" అన్నాడాయన, ఏ కార్ఖానాలో అని. "సిద్ధరాములు సేఠ్ కే. హమారే పితాజీ చలాతే హై," అంది, మా నాన్నే నడుపుతాడని. అప్పుడు నవ్వారు. బల్ల చుట్టూ అందరూ, చాయ్ పోసే మనిషి కూడా. "బేటీ, మైనే చాదర్ నహీ, క్రిస్టల్ పూఛా" అన్నాడు ఇంజనీరు కళ్ళు తుడుచుకుంటూ, దుప్పటి కాదు, స్ఫటికం సంగతి అడిగానని. పాండురంగ్ నవ్వు ఆపుకోలేక ఆపుకోలేక చెవిలో గుసగుసలాడాడు, "అగ, సాచా విచారతాయత్, సాచా!" అచ్చు గురించి అడుగుతున్నారని, మరాఠీలో. జనార్దన్ సర్ మాత్రం నవ్వలేదు, కప్పులోకి చూస్తూ కూర్చున్నారు. ఆయన నవ్వినా బాగుండేది. ఆయనకు తెలుసు, ఉప్పులో పెరిగేదానికి అచ్చు ఉండదని ఆయనే చెప్పారు, ఒక్క ముక్క నోరు తెరిచి చెబితే ఏం పోయేది? ఇంటికొచ్చి రెండు రోజులు సాంచాల చప్పుడు వినలేక చెవుల్లో దూది పెట్టుకుంది. మూడోరోజు తీసి పారేసింది. నా చెవులు, మా సాంచాలు, నేనెందుకు మూసుకోవాలి?

"గా నీళ్ళు ఎన్నిసార్లు పారబోస్తవే?" ఉప్పు పోయేదాకా. "ఎప్పుడు పోతది?" పోయినప్పుడు పోతది. అమ్మ చేతులు ఆగవు. తడి ఆకు మీద రేకు ఫర్మా పెట్టి, కత్తెరతో దాని చుట్టూ కోసి, తంబాకు వేసి, చుట్టి, దారం కట్టి, కొస మడిచి, తలెత్తకుండా మాట్లాడుతూనే ఉంటుంది. ఆ రేకు ఫర్మా సుమిత్రకు మొదటి పలక. బడిలో పలక కంటే ముందు చేతికి అదే వచ్చింది. ఫర్మాకు బయట ఉన్నదంతా చెత్త, లోపలున్నదే ఆకు. ఆకు ఈనె వంకర పోయిందని ఫర్మా దాటి కోస్తే ఒప్పుకోరు, బ్రాంచిలో బీడీలు ఏరే చెకర్ చేతిలో పడితే ఛాట్, పక్కకు విసిరేస్తాడు. ఎంత మంచి తంబాకైనా ఛాటే. ఆకారం బయటి నుంచి వస్తుంది, కత్తెర నుంచి వస్తుంది, ఎవరో ముందే కోసి పెట్టిన రేకు నుంచి వస్తుంది, అని ఎవరూ చెప్పలేదు గానీ అట్లాగే నేర్చుకుంది. తర్వాత ఒక్కొక్కరూ తలా ఒక రేకు తెచ్చి మీద పెట్టి చూశారు. యమునాబాయి అంది, పొడుగు పోరి, బీడీ బ్రాంచిలో రాతపనికి బాగుంటుంది. పెద్దబడి టీచరు బాయి అంది, తెలుగు మీడియం పిల్లవు, సైన్సు బరువు, కుట్టుమిషను నేర్చుకో. టైఫాయిడ్ వచ్చి చదువులో ఒక ఏడు పోతే, ఇంట్లో కూర్చుని ఆకు కోస్తే, ఇక అయిపోయిందనుకున్నారు. ఎవరి రేకు వాళ్ళకు ముద్దు, నాకేం.

పైనీరు ఈసారి కొంచెం తేటగా వచ్చింది. అడుగున ఏదో ఉంది, తెల్లటి మడ్డిలాగా. పలకలా, పిండా? ఇప్పుడే చెప్పలేం, ఉప్పు ఇంకా ఉంది, ఉప్పు ఉన్నంతసేపు అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దగానే ఉంటాయి. గుండె మాత్రం పిండి, పిండి అంటోంది. మూస భట్టీలో ఉండగానే లైట్ పోయింది కదా. మొన్న మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే, ఎక్కడినుంచి వచ్చిందో గాలివాన, రేకులన్నీ దడదడలాడాయి, అంతలో సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఈ పేటలో పుట్టినవాళ్ళకు చప్పుడు వినపడదు, ఆగిపోవడమే వినపడుతుంది. నాన్న కార్ఖానా లోంచి తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, సెలవు దొరికినవాడి మొహంతో వచ్చాడు. సుమిత్ర చెయ్యి కడుక్కోకుండానే ఉరికింది. వానలో అశోక్ చౌక్ దాకా ఉరికి, రిక్షా దొరకబట్టుకుని, కాలేజీకి పోతే అక్కడా చీకటి, భట్టీ ఎర్రటి కన్ను ఆరిపోయి ఉంది. నిదానంగా, గంటకు ఇంత అని లెక్కగా చల్లార్చవలసిన దాన్ని కరెంటు బోర్డు ఒక్క దెబ్బతో చల్లార్చింది. జనార్దన్ సర్ గొడుగు మడుస్తూ, పోయింది సుమిత్రా, పారెయ్, అన్నారు. పారెయ్ అనడం ఎంత తేలిక. నాన్న సాంచా మీద లైట్ పోతే చాదర్ కోసి పారేస్తాడా? లైట్ వచ్చినాక అదే పోగు పట్టుకుని మళ్ళీ మొదలుపెడతాడు. పారేయను సర్, అంది. ఆయన ముందు మొదటిసారి ఆ మాట అంది, అని భట్టీ ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. లోపలున్నది ఎక్కడికీ పోలేదు, ఉప్పు గడ్డకట్టింది, అంతే కదా. మళ్ళీ కరిగిస్తే చిన్నవి కరిగిపోయి పెద్దవాటిలో చేరతాయి, పెద్దవి ఇంకా పెద్దవవుతాయి, అవ్వాలి, పుస్తకం అట్లాగే చెబుతోంది, పుస్తకం చెప్పకపోయినా అవ్వాలి. కరెంటు రాగానే మళ్ళీ ఎక్కించింది. దించేటప్పుడు అసలు అనుకున్నదానికంటే ఇంకా మెల్లగా దించింది. స్ఫటికానికి ఎన్నో ముఖాలుంటాయి, తొందరగా పెరిగే ముఖం తనను తానే తినేసుకుని చివరికి కనపడకుండా పోతుంది, నిదానంగా పెరిగే ముఖమే వెడల్పై నిలుస్తుంది. ఇది మొదటిసారి చదివిన రోజు సుమిత్ర లైబ్రరీలోనే దాన్ని నోట్సులో రాసుకుంది. ఒక ఏడు పోగొట్టుకున్న పిల్లకు ఆ వాక్యం ఎవరో చేతిలో పెట్టినట్టయింది.

సరే, ఇక బ్యాటరీ నీళ్ళు. అశోక్ చౌక్‌లో గంగాధర్ బ్యాటరీల దుకాణం నుంచి సీసాలు తెచ్చి పెట్టింది, ఉప్పు చుక్క కూడా లేని నీళ్ళు, చివరి కడుగులన్నీ వాటితోనే. కడిగిన నీళ్ళను కొంచెం గాజు గొట్టంలో తీసుకుని నల్లసీసాలోంచి సిల్వర్ నైట్రేట్ ఒక చుక్క వేసింది. తెల్లగా మబ్బు పట్టింది. ఉప్పు ఉంది. మళ్ళీ కడిగింది. మబ్బు. మళ్ళీ. మబ్బు. అదేమిటి? ఇప్పటికి పోవాలే. అమ్మ చేట పక్కన పెట్టి లేచి వచ్చి, కూతురు ఆపేలోపు కడిగిన నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. "ఉప్పెక్కడిదే? సప్పగున్నది." "అమ్మా! అది నోట్లె పెట్టుకునేది కాదు, ఉమ్మెయ్, ఉమ్మెయ్!" "నా నాలిక కంటె ఎక్కువనా గా నల్లసీసా?" ఎక్కువేనమ్మా, నీ నాలికకు తెలియనిది దీనికి తెలుస్తుంది. ఆ నల్లసీసా చుక్కలకే సుమిత్ర వేళ్ళ కొసలన్నీ నల్లబడ్డాయి. అమ్మ వేళ్ళు తంబాకుకు గోధుమరంగు, కూతురి వేళ్ళు వెండికి నలుపు. పేరంటానికి పోతే ఇద్దరూ చేతులు కొంగు కింద పెట్టుకుంటారు. ఇంకోసారి కడిగింది, మబ్బు అట్లాగే ఉంది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి, ఏడవడం కాదు, కోపం. పొద్దు వాలుతోంది. సీసాలన్నీ అయిపోవస్తున్నాయి... అయిపోవస్తున్నాయా? అయిపోవాలే మరి, ఇన్ని కడుగులకు. ఇంకా మెడ దాకా ఎందుకున్నాయి? "అమ్మా, ఈ సీసాల నీళ్ళు నువ్వేమన్న ముట్టుకున్నవా?" పోచమ్మ ఆకు వంక చూసింది. "కొనుక్కొచ్చిన నీళ్ళు ఊకె పారబోస్తున్నవని, ఖాళీ అయినకొద్ది బోరు నీళ్ళు నింపిన. నీళ్ళు నీళ్ళే గదనే?"

బోరు నీళ్ళు! సోలాపూర్ బోరు నీళ్ళు, సబ్బు నురగ రాని నీళ్ళు, గిన్నెలకు తెల్లచారలు కట్టే నీళ్ళు! తను ఇంతసేపూ ఉప్పును ఉప్పుతో కడుగుతోంది. అరవబోయింది, నోరు తెరిచింది కూడా, కానీ అమ్మ మొహం చూస్తే నవ్వొచ్చింది. కూతురికి ఖర్చు తప్పిద్దామని చూసింది, పాపం, సీసా మెడ దాకా జాగ్రత్తగా, కొలిచినట్టు నింపింది. అయినా మండింది కూడా, రెండూ ఒకేసారి. సీసాలు తెచ్చిన మూట అడుగున మూత తీయని సీసా ఇంకొక్కటి ఉంది. ఒక్కటే. "దీన్ని ముట్టుకుంటివా, నీ చేట మోరీల వేస్త" అంది. "అబ్బో" అంది పోచమ్మ, కానీ ముట్టుకోలేదు, మూతి తిప్పుకుని గడప మీదికి కూడా పోకుండా అక్కడే గొంతుక్కూర్చుంది. కొంచెం పోసి, తేరనిచ్చి, వంచింది. కొంచెం పోసి, తేరనిచ్చి, వంచింది. చెయ్యి తొందరపడుతుంటే ఇంకో చేత్తో పట్టుకుంది. గొట్టంలో కొత్త నీళ్ళు, నల్లసీసా చుక్క. తేటగా ఉంది. కదిపింది, ఇంకా తేటగానే ఉంది. ఉప్పు పోయింది.

మిగిలిన నీళ్ళన్నీ పోసి, అడుగున ఉన్నదంతా మూత బిగించే గాజుసీసాలోకి దించింది. ఇప్పుడు మైక్రోస్కోపు అక్కర్లేదు. పిండి అయితే ఎంత తిప్పినా సున్నపునీళ్ళలా మందంగా తెల్లగా తిరుగుతుంది. పలకలైతే, నీరు ఎటు తిరిగితే అటు అన్నీ కలిసి ఒరుగుతాయి, ఒరిగినప్పుడల్లా వెలుగును విసురుతాయి. వంటింటి పైకప్పు రేకుకు ఒకచోట బొక్క ఉంది, వానాకాలం గిన్నె పెట్టే చోటు. అక్కడినుంచి ఎండ నేల మీద పడుతోంది. సీసాను ఆ ఎండలోకి పట్టుకుంది. కళ్ళు మూసుకుందామనుకుంది. ఎందుకు మూసుకోవాలి, నా పలకలు, నేనే చూస్తాను. తిప్పింది.

పట్టుచీర మడత విప్పినట్టు వెలుగు సీసాలో అడ్డంగా కదిలింది. ఆగిపోతే మామూలు తెల్లటి నీళ్ళు, తిప్పితే మళ్ళీ మడతలు మడతలుగా మెరుపు, మెరుపు వెనక మెరుపు. వచ్చినై. లైట్ పోయినా వచ్చినై, నల్లాలు ఎండినా వచ్చినై, బోరు నీళ్ళు పోసినా వచ్చినై, పారెయ్ అన్న తర్వాత వచ్చినై. ఇంత సంతోషం తనకు ఎప్పుడూ కలగలేదు, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. అమ్మ ఒంగి చూసింది, సీసా చేతిలోకి తీసుకుని తనూ తిప్పింది, మళ్ళీ తిప్పింది, చిన్నపిల్లలా ఇంకోసారి తిప్పింది. "అగ బాయి! ఏమున్నయే దీంట్ల?" "పలకలమ్మా. సన్నవి. కంటికి కనపడవు. అన్ని ఒక్కతీరు ఉంటయి, అంచులు కోసినట్టు." పోచమ్మ ఆలోచించింది. ఆమె బతుకంతా కోసిన ఆకారాలే, ఆమెకు రావలసిన ప్రశ్నే వచ్చింది. "ఇంత సన్నగ ఎట్ల కోసినవే? ఫర్మా ఏది? సాంచా ఏది దీనికి?"

సుమిత్ర ఆమె వైపు చూసింది. ఫర్మా అన్న నోటితోనే సాంచా అంది అమ్మ, హిందీ అర్థంతోనే అంది, బీడీ బ్రాంచిలో నేర్చుకుని ఉంటుంది. గోడకవతల సాంచాలు కొడుతూనే ఉన్నాయి. ఆ రోజు తను ఏమందో గుర్తొచ్చింది, ఈసారి చెవులు వేడెక్కలేదు. కార్ఖానాలో ఉందని అంది. నిజమే కదా, అక్కడే ఉంది. తను తప్పు చెప్పలేదు, సగం చెప్పి ఆగింది, మిగతా సగం చెప్పేలోపు వాళ్ళు నవ్వేశారు. "సాంచా మన కార్ఖాన్ల ఉందమ్మా" అంది, "దీంట్ల లేదు. దీనికి ఎవ్వరు ఫర్మా పెట్టలే. దానంతటదే అయింది." పోచమ్మకు అర్థమైందో లేదో, "దానంతటదే అయిందా" అని సీసా వాపసు ఇచ్చింది, ఇచ్చే ముందు కొంగుతో దాని అడుగు తుడిచింది.

ముఖం మీద నీళ్ళు కొట్టుకుంది, జడ విప్పి అల్లుకుంది, నల్లబడ్డ వేళ్ళను రుద్దబోయి మానేసింది. సీసాను ఆకుగుడ్డలో చుట్టలేదు, చేతిలోనే పట్టుకుంది. గడప దాటి, కార్ఖానా వారగా, చాయ్ తాగుతున్న నాన్న ముందు నుంచి నడిచింది. "యాడికే?" అన్నాడు నర్సయ్య. "భట్టీ కాడికి." బల్ల చుట్టూ వాళ్ళే ఉంటారు, అవే కప్పులు, అదే ఇంజనీరు. సాంచా కహా హై అని మళ్ళీ అడుగుతాడు, అడగకపోతే తనే అడిగిస్తుంది. లేచి నిలబడి చెబుతుంది, కార్ఖానే మే హై సర్, ఒక్క అక్షరం మార్చకుండా. నవ్వేవాళ్ళు నవ్వుతారు. వాళ్ళ నవ్వు పూర్తిగా అయ్యేదాకా ఆగి, ఇస్మే నహీ హై, దీంట్లో లేదు, అని, అప్పుడు సీసా తిప్పుతుంది.